కొండ చాటు తీరము



సముద్రమును సేవింపవలెను గాని, తలచినపుడెల్ల స్పృశింపరాదని ధర్మశాస్త్ర నిబంధములు చెప్పుచున్నవి. అశ్వత్థవృక్షమును శనివారమున, సముద్రమును పర్వదినములందు మాత్రమే తాకవచ్చును. సేతుతీర్థమునకు ఆ నియమము కూడ లేదు. ఇది భయము వలన పుట్టిన నిషేధము కాదు. సంస్కృతమున ‘మర్యాద’ యను పదమునకు ‘హద్దు’ అని అర్థము. కడలి తన హద్దును దాటక నిలుచుచున్నది కనుక, దాని యెదుట నిలుచు మనుష్యుడును తన హద్దును ఎరిగి నిలువవలెనని భావము. నీటికిని నేలకును నడుమ గల ఆ హద్దునకే ‘వేల’ యని మరియొక పేరు.

ఆ వేలయందే శ్రీమద్రామాయణ యుద్ధకాండమున ఒక మహాఘట్టము జరిగినది. నలుగురు అనుచరులతో లంకను విడిచి వచ్చిన విభీషణుడు దక్షిణసముద్రపు ఉత్తరతీరమున, ఆకాశమందు నిలిచి శరణు వేడినాడు. సుగ్రీవాదులు శంకించినారు. శ్రీరామచంద్రుడు అభయమిచ్చినాడు. ఇంతవరకు భక్తులందరును ఎరిగినదే. తరువాత జరిగినదానిని పలువురు గమనింపరు. సముద్రమును దాటుటకు ఉపాయమేమని అడుగగా, రాఘవుడు సముద్రుని శరణు పొందవలెనని ఆ విభీషణుడే చెప్పినాడు. అపుడే శరణమిచ్చిన ప్రభువు అదే ఇసుకపై దర్భలు పరచుకొని, ప్రాఙ్ముఖుడై మూడు రాత్రులు శయనించినాడు. శరణు ఇచ్చుటయు, శరణు కోరుటయు ఒకే తీరమున, ఒకే పురుషునియందు సంభవించినవి. ఆశ్రయమను తత్త్వమును తెలియగోరువారు ఈ రెండింటిని కలిపి చదువవలెను.

హైదరాబాదున, నాంపల్లి రైల్వే స్టేషనుకు కొలది దూరములో ఒక సందున నివసించు విశ్రాంత సంస్కృతోపాధ్యాయులొకరికి ఈ ఘట్టము కంఠోపాఠము. ఆయన వయస్సు డెబ్బది రెండు. ముప్పది సంవత్సరములు పాఠము చెప్పినారు. ఆయన యింటిలోని గ్రంథములలో సగము ఆదివారములయందు ఆబిడ్స్ కాలిబాటలపై పాతపుస్తకముల అంగళ్లలో బేరమాడి తెచ్చినవే. అట్టల మీద వేరెవరివో సంతకములు, లోపల వేరెవరివో గీతలు. అవి చదివినవారెవరో, వాటిని ఎందుకు అమ్ముకొన్నారో అని ఆయన అప్పుడప్పుడు తలపోయుచుండెడివారు.

నాంపల్లి నిశ్శబ్దమునకు పేరుపొందిన చోటు కాదు. 1907లో ఏర్పడిన ఆ స్టేషనులో రైలుమార్గము ముగియును. వచ్చిన బండి దాటిపోవుట కుదరదు, అచ్చటనే జనమును దింపి నిలువవలెను. వేకువజామున దిగిన ప్రయాణికుల కోలాహలము, ఆటోవారి పిలుపులు, 2018 నుండి తలపై సాగు మెట్రో రైలు ధ్వని, జనవరి 1 నుండి నెలన్నర పాటు ఎగ్జిబిషన్ మైదానమున నుమాయిష్ సందడి, ఇవన్నియు ఆ సందులోనికి వచ్చి చేరును. అట్టి చోట ఆ ఉపాధ్యాయులు నలుబది ఏండ్లు ప్రాతఃసంధ్యను, సహస్రగాయత్రిని, పారాయణమును ఒక్కనాడును చెదరక సాగించినారు. ఎరిగినవారు దానిని ఆయన ఏకాగ్రత యని కొనియాడిరి. ఆయనయు కాదనలేదు.

రెండేండ్ల క్రిందట ఆషాఢమాసమున ఆయన ధర్మపత్ని స్వర్గస్థురాలైనది. ఆశౌచము గడచినది, మాసికములు గడచినవి, ఆబ్దికము జరిగినది. కాని జపము నిలువలేదు. ఆసనముపై కూర్చుండగనే తలుపు గంట మ్రోగును. గ్యాసు సిలిండరు వచ్చును. బ్యాంకు నుండి ఫోను వచ్చును. పొరుగింటి టీవీ ధ్వని మంత్రము నడుమ జొరబడును. అంగుళుల మీది లెక్క తప్పును. ఆశ్చర్యమేమనగా, ఆ రెండేండ్లలో నాంపల్లి శబ్దము ఇసుమంతయు పెరుగలేదు. శబ్దము నాటిదే, ఆసనము నాటిదే, మంత్రము నాటిదే.

వారికి ఒక్కతే కుమార్తె. ఐర్లండు దేశపు పశ్చిమభాగమున మేయో అను ప్రాంతములో వైద్యురాలు. అల్లుడు వారమున అయిదు దినములు డబ్లిన్ నగరమున ఉద్యోగము చేయును. ఆరేండ్ల మనుమడు. ఆమె ప్రతి ఆదివారము ఫోనులో ఒకే మాట చెప్పుచుండెను: “నాన్నగారూ, ఇల్లు అమ్మేసి వచ్చేయండి. ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉంటుందో మీకు తెలియదు. ఒంటరిగా మీరక్కడ ఉంటే నాకిక్కడ నిద్ర పట్టదు.” ఇల్లు కొనుటకు ఒకరు సిద్ధముగా నున్నారు కూడ. ఆయన ఔననలేదు, కాదనలేదు. ముందు మూడు నెలలు వచ్చి చూచెదనని మాత్రము ఒప్పుకొన్నారు.

సముద్రయానమును గూర్చి ఆయనకు శంక లేకపోలేదు. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో పేర్కొన్నది. తరువాతి నిబంధకారులు దానిని కలివర్జ్యములలో చేర్చినారు. దూరదేశమున నిత్యకర్మ లోపించుననుట ఈ నిషేధమునకు కారణమని వ్యాఖ్యానించు పండితులు కలరు. మరియొక వైపు ఆంధ్రదేశపు చరిత్రయే సముద్రముతో ముడివడి యున్నది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము కలదు. అంతకు పూర్వము తుపానుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును ఆ తీరమునేలు రాజులు బలాత్కారముగా స్వాధీనము చేసికొనెడివారు. ప్రాణముల కంటె ధనము గొప్పదని తలచి సముద్రమును దాటి వచ్చువారి యెడ దయ వహించి, నియమితమైన సుంకము తప్ప వేరేమియు గైకొనబోమని గణపతిదేవుడు శిలపై మాట యిచ్చినాడు. సముద్రమును దాటి వచ్చినవారిని దండింపక కాపాడుటయే ధర్మమని తెలుగు నేల నేలిన ప్రభువు నిర్ణయించినాడు. ఉపాధ్యాయులు ఆ శాసనపాఠమును గుర్తుచేసికొని, పవిత్రమునకు కొన్ని దర్భలను, పంచపాత్రను, పంచాంగమును పెట్టెలో సర్దుకొని బయలుదేరినారు.

శ్రావణమాసారంభమున ఆ దేశము చేరినారు. హైదరాబాదు సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది, మేయో సుమారు 54 డిగ్రీల యొద్ద. అచ్చట ఆ మాసారంభమున రాత్రి తొమ్మిది దాటిన పిదప గాని సూర్యాస్తమయము కాదు. గడియారమును అనుసరించిన సంధ్య నిలువదు, సూర్యుని అనుసరించినదే నిలుచును. ఆయన తొలివారమున తడబడి, తరువాత ఆకాశమును చూచి అర్ఘ్యమిచ్చుటకు అలవాటుపడినారు. ఇల్లు నిశ్శబ్దముగా నుండెను. ఆటోలు లేవు, గంటలు లేవు, పొరుగు ధ్వని లేదు. అయినను జపము కుదురలేదు. నాంపల్లిలో శబ్దము చెరచిన లెక్కను ఇచ్చట నిశ్శబ్దము చెరచుచుండెను. శాంతి యనునది స్థలము మార్చినంత మాత్రమున లభించు వస్తువైనచో, ఆ నెలలోనే అది లభించి యుండవలెను.

భాద్రపదమాసమున మహాలయపక్షము వచ్చినది. ఆ ఏడు మహాలయ అమావాస్య ఆదివారమున, విషువద్దినమునకు అతిసమీపముగా పడినది. ఆ సమయమున రాత్రింబవళ్లు నాంపల్లిలోను, మేయోలోను ఇంచుమించు సమానముగా నుండును. అమావాస్య పర్వదినము కనుక సముద్రస్పర్శకు దోషము లేదు. తండ్రి సముద్రతీరమున తర్పణము చేయగోరుచున్నారని తెలిసి, కుమార్తె ఆ దినము సెలవు పెట్టి, కీమ్ అను తీరమునకు తీసికొనిపోవ నిశ్చయించినది.

కీమ్ తీరము అకిల్ అను ద్వీపమున పడమటి కొననున్నది. ఐర్లండు తీరమును ఆనుకొని యున్న ద్వీపములలో అకిల్ అన్నిటికంటె పెద్దది. ప్రధానభూమికిని దానికిని నడుమ 1887లో తొలి వంతెన కట్టబడినది. అక్కడినుండి పడమటికి పోయినకొలది చెట్లు తగ్గును, గాలి పెరుగును. అట్లాంటిక్ మహాసముద్రము వేలకొలది మైళ్లు అడ్డులేక వచ్చి ఆ రాళ్లను మోదును. ఇండ్లు నేలకు అణగి యుండును. గొఱ్ఱెలు గోడల చాటున నిలుచును.

దారిలో డూఆ అను గ్రామము కలదు. కుమార్తె అచ్చట కారు నిలిపి ఒక విశేషము చెప్పినది. ఆ ఊరి ముందు పూర్వము ఇసుకతీరము ఉండెను. 1984లో తుపానులు ఆ ఇసుకనంతయు ఊడ్చుకొనిపోయి రాళ్లు మాత్రము మిగిల్చినవి. ముప్పది మూడు సంవత్సరముల పిమ్మట, 2017 ఏప్రిల్ మాసమున, కొలది దినములలో సముద్రమే ఆ ఇసుకను తిరిగి తెచ్చి పరచినది. లోకమంతటి నుండి జనము చూడవచ్చినారు. రెండేండ్లు నిండక మునుపే, 2019 జనవరిలో, సముద్రము మరల దానిని తీసికొనిపోయినది. ఉపాధ్యాయులు ఆ రాళ్లను చాలసేపు చూచినారు. ‘జగత్’ అనగా కదలునది యని విద్యార్థులకు ధాత్వర్థము ఎన్నిమారులు చెప్పి యుందురో లెక్కలేదు.

డూఆ దాటిన పిదప త్రోవ కొండ అంచున, సముద్రమునకు చాల ఎత్తున సాగును. కుడివైపున కొండ, ఎడమవైపున లోయ. గాలికి కారు ఊగినది. మనుమడు తల్లి చెప్పకయే మాటలాడుట మానినాడు. ఆ మలుపు తిరిగి దిగగా, క్రింద గుఱ్ఱపునాడా ఆకారమున ఒక ఇసుకతీరము కనబడినది. నీరు లేతపచ్చగా, దాదాపు కదలక యున్నది. దిగి నడచుచుండగా గాలి ఉన్నట్టుండి ఆగినది. ఉత్తరీయము భుజముపై నిలిచినది. వెలిగించిన దీపము ఆరకుండునంత నెమ్మది.

తర్పణమునకు ముందు సంకల్పము చెప్పవలెను గదా. నాంపల్లిలో జంబూద్వీపము, భరతవర్షము, శ్రీశైలమునకు వాయవ్యదిక్కు, కృష్ణాగోదావరుల మధ్యదేశము అని క్రమముగా చెప్పుట ఆయన నాలుకకు అలవాటు. అమెరికాలోని ఆలయములలో క్రౌంచద్వీపము, రమణకవర్షము అని చెప్పు వాడుక ఏర్పడినది. ఇచ్చట ఏమని చెప్పవలెను? సంకల్పమున దేశకాలములను చెప్పుటకు ప్రయోజనమేమి యని ఆయన విచారించినారు. ‘నేను ఇచ్చట నున్నాను, ఇప్పుడున్నాను’ అని దేవతల యెదుట నిజము పలుకుటయే దాని ప్రయోజనము. లేని చోట ఉన్నట్లు పలుకుట ఉచితము కాదు. కనుక తెలిసిన పురాణభూగోళమును నమస్కరించి, పశ్చిమసముద్రతీరమున, అకిల్ ద్వీపమున, పుత్రికాగృహమునకు సమీపమున అని ఉన్నదున్నట్లు పలికినారు. భార్య లేని సంకల్పమున ‘ధర్మపత్నీసమేతస్య’ యను మాట ఉండదు. ఆ మాట ఉండవలసిన చోట ఆయన గొంతు ఒక్క క్షణము ఆగినది. పిదప సాగినది.

నీరు మిక్కిలి చల్లగా నుండెను. చీలమండల లోతున దక్షిణాభిముఖులై నిలిచి, యజ్ఞోపవీతమును ప్రాచీనావీతి చేసి, తిలోదకములను పితృతీర్థము ద్వారా విడిచినారు. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, నాయనమ్మ, తాతమ్మ, మాతామహవర్గము, తరువాత మహాలయమున విశేషముగా స్మరింపవలసిన కారుణ్యవర్గము. అందులో పత్ని పేరు వచ్చినది. ముమ్మారు నీరు విడిచినారు. ఆ నీరు పడిన చోట చిన్న వలయము పుట్టి, అది దూరము వరకు సాగుట కనబడినది. అలలున్న చోట అట్టిది కనబడదు.

తర్పణము ముగిసిన పిదప ఒక రాతిపై కూర్చుండి ఆయన అడిగినారు: “అమ్మా, కొండ మీద గాలి మనలను త్రోసివేసినది. ఇచ్చట ఆకు కదలుట లేదు. సముద్రము ఒకటే గదా. ఇదేమి వింత?”

కుమార్తె వెనుకకు చేయి చూపినది. “సముద్రం ఒకటే నాన్నగారూ. ఆ కొండ చూడండి. అటువైపు వెళ్లి చూస్తే తెలుస్తుంది. దెబ్బలన్నీ అది తింటోంది. అందుకే ఇటువైపు ఇలా ఉంది.”

ఆమె చూపినది క్రోహాన్ పర్వతము. దాని ఎత్తు 688 మీటర్లు. దాని ఆవలి ముఖము నిట్టనిలువుగా సముద్రములోనికి దిగును. ఐరోపాలోని ఎత్తైన సముద్రపు కొండచరియలలో అది యొకటి. నైరృతి దిక్కున మోయ్‌టోగ్ అను కొండకొమ్ము కోటగోడవలె సముద్రములోనికి చొచ్చుకొని యున్నది. కీమ్ తీరము ఆగ్నేయమునకు తెరచుకొని యుండును. పడమటి గాలులు, అలలు ఆ రెండు కొండలను దాటి రావలెను. అవి రానీయవు. శతాబ్దములుగా తినుచున్న దెబ్బలకు ఆవలి ముఖము చీలి, కూలి, నల్లబడి యున్నది. ఈవలి ముఖమున పచ్చని గడ్డి, మేయుచున్న గొఱ్ఱెలు. ఈవల కూర్చున్నవారికి ఆవలి ముఖము కనబడదు.

ఉపాధ్యాయులు మరల మాటలాడలేదు. ఆయనకు నాంపల్లి యింటి వాకిలి కనబడుచుండెను. వేకువ నాలుగున్నరకు ఆ వాకిట ఒక ముక్కాలిపీట. దానిపై కూర్చున్న ఇల్లాలు. పాలవాడు గంట మ్రోగింపకముందే ఎదురేగి గిన్నె పట్టుట. నుమాయిష్ దినములలో గుమ్మమునకు అడ్డముగా బండ్లు నిలుపువారిని “భయ్యా, జర ఉధర్ లగావో” అని మెల్లగా, నవ్వుచు ప్రక్కకు పంపుట. పొరుగింటి కోడలితో చెలిమి చేసికొని, ఉదయము రెండు గంటలు వారి రేడియో శబ్దము తగ్గించుట. అత్తగారిని ఉస్మానియా ఆసుపత్రికి తీసికొనిపోయి, గంటలకొలది వరుసలో నిలుచుట. కరెంటు బిల్లు, రేషను, బంధువుల మాటలు, పెండ్లిండ్ల పిలుపులు, మరణవార్తలు. అవి అన్నియు వచ్చెడివి. వచ్చి ఆ పీట యొద్ద ఆగెడివి. లోపల జపము సాగుచుండెడిది. నలుబది ఏండ్లు ఏకాగ్రత యని పేరుపొందినదానికి ఆవలి ముఖము ఒకటి ఉండెను.

ఆసుపత్రి తలపునకు రాగానే ఆయనకు ఆ ప్రాంగణములోని చింతచెట్టు గుర్తుకు వచ్చినది. హైదరాబాదు వాసులు దానిని ఎరుగుదురు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచివేసినది. అఫ్జల్‌గంజ్ వద్ద ఆ చెట్టునెక్కిన సుమారు 150 మంది బ్రతికినారు. చెట్టు వారిని పిలువలేదు, ఉపదేశింపలేదు. పట్టు విడువక నిలిచినది, అంతమాత్రమే. నేటికిని అది నిలిచియున్నది.

భగవద్గీత రెండవ అధ్యాయమున, డెబ్బదవ శ్లోకమున, స్థితప్రజ్ఞుడు సముద్రముతో పోల్చబడినాడు. అన్ని వైపుల నుండి నదులు వచ్చి చేరుచున్నను సముద్రము చలింపదు. అట్లే కామములు ప్రవేశించినను చలింపనివాడు శాంతిని పొందునని తాత్పర్యము. నీరు రాకుండుట శాంతి కాదు, వచ్చినను కదలకుండుట శాంతి. అది జ్ఞానుల స్థితి. దానికి ఆశ్రయము అక్కరలేదు. అయితే గృహస్థులలో, సాధకులలో, పలువురి నెమ్మది ఆ జాతికి చెందినది కాదు. అది కొండ చాటు నెమ్మది. ఎవరో ఒకరు అలలకు ఎదురుగా నిలుచుట చేత లభించినది. తల్లి నిలుచును, భార్య నిలుచును, భర్త నిలుచును, గురువు నిలుచును. ఆలయమున గర్భగృహపు నిశ్శబ్దమునకు సైతము వంటశాలలో చెమటోడ్చువాడు, వాకిట చెప్పులు కాయువాడు, దివిటీలో నూనె పోయువాడు కారణము.

ఈ రెండవ జాతి శాంతి తక్కువదని తలపరాదు. సముద్రమంతటి నిశ్చలత్వము ఎన్ని జన్మలకో గాని సిద్ధింపదు. అంతవరకు జీవుడు కొండ చాటుననే ఎదుగవలెను. చాటును తన బలమని భ్రమింపక, ఋణమని తెలియుటయే వలయును. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని వేదము మూడింటిని చెప్పినది. మహాలయమున పితృవర్గములతో ఆపక, మిత్రులను, ఉపకరించినవారిని, చివరకు పేరు తెలియనివారిని సైతము పిలిచి నీరు విడుచు విధిని పెద్దలు ఏర్పరచినది, ఆవలి ముఖమున దెబ్బలు తిన్నవారిని ఏడాదికొకమారైనను తలచుకొనుటకు గదా.

ఆ తీరమునకే వేరొక చరిత్రయు కలదు. అచ్చటి నీటిలోనికి వేసవియందు అతిపెద్ద సొరచేపలు వచ్చును. అవి ఏనుగు కంటె పెద్దవైనను మనుష్యులకు హాని చేయవు. నోరు తెరచుకొని, నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తినుచు మెల్లగా తిరుగును. నెమ్మదియైన నీరని వచ్చిన ఆ ప్రాణులను కాలేయపు నూనె కొరకు 1947 నుండి 1975 వరకు వలపన్ని, ఈటెలతో పొడిచి, పన్నెండు వేలకు పైగా చంపినారు. బీదరికము పీడించిన ద్వీపమది. చంపినవారిని నిందించుట సులభము కాదు. 2022లో ఐర్లండు ప్రభుత్వము ఆ చేపలకు చట్టము ద్వారా రక్షణ కల్పించినది. కొండ గాలిని ఆపగలదు, మనుష్యుని ఆపలేదు. మనుష్యుడు తానే మాట యిచ్చినపుడు గాని తీరము అభయస్థానము కాదు. మోటుపల్లి శిల చెప్పినదియు ఇదే.

తిరుగుదారిలో స్లీవ్‌మోర్ కొండ పాదమున పైకప్పులు లేని రాతిగోడల వరుస కనబడినది. సుమారు 80 నుండి 100 ఇండ్ల శిథిలములు. 1845లో మొదలైన మహాక్షామము, ఆ తరువాతి కాలపు వలసలు ఆ పడమటి ప్రాంతములను ఖాళీ చేసినవి. పుత్రులు, పుత్రికలు అట్లాంటిక్ దాటి అమెరికాకు పోయినారు. పోవు ముందటి రాత్రి, మృతులకు చేయునట్లే జాగారము చేయు ఆచారము ఆ దేశమున ఉండెడిది. పోయినవారు మరల రారని తల్లిదండ్రులకు తెలియును. కుమార్తె ఆ మాట చెప్పి, కొంతసేపు మౌనముగా కారు నడిపి, “నాన్నగారూ, ఇల్లు సంగతి…” అని మొదలిడినది. ఆమె చేతులు స్టీరింగుపై బిగుసుకొని యుండుటను ఆయన అప్పుడు చూచినారు.

రెండు నెలలుగా ఆయన చూచుచున్నదే అది. పన్నెండు గంటల ఆసుపత్రి విధి. రాత్రి పిలుపులు. తెల్లవారక ముందే పిల్లవాని డబ్బా సర్దుట. వారమంతయు దూరముగా నున్న భర్త. తండ్రికి మడి వంట. వీటి నడుమ ఆదివారపు ఫోనులో ‘ఇక్కడ ప్రశాంతంగా ఉంటుంది’ అని ఆమె పలికిన మాట. పిలిచినది తండ్రికి ఆశ్రయమిచ్చుటకే, సందేహము లేదు. కాని ఆ ఇంట గాలికి ఎదురుగా నిలిచియున్నది ఆమె ఒక్కతె. ఆమె వెనుక కొండ లేదు. అంతవరకు ఆయన మనస్సున ఉన్న ప్రశ్న ‘నాకు శాంతి ఎచ్చట దొరకును?’ అనునది. ఇల్లు అమ్మవలెనా వలదా యనునది దానికి అనుబంధము. ఇప్పుడు ప్రశ్న మారినది: ‘ఈ వయస్సున, ఈ శరీరముతో, ఎవరి దెబ్బలో ఒక పాలు నేను కాయగలను?’

“ఇల్లు అమ్మను తల్లీ” అని ఆయన అన్నారు. ఆమె ముఖము వాడినది. “వినుము. ఇద్దరు విద్యార్థులు వసతి లేక తిరుగుచున్నారు. వారిని మన యింట ఉండమందును. దీపము పెట్టుదురు, పుస్తకములకు పురుగు పట్టకుండ చూతురు. నేను ఈ చలికాలము ఇచ్చటనే యుందును. వీసా యున్నంతవరకు, తరువాత మరల వచ్చియు. పిల్లవానిని బడి నుండి తీసికొని వచ్చుట నా పని. అన్నము, పప్పు నేను వండుదును. రాత్రి నీకు పిలుపు వచ్చినపుడు వాడు నా ప్రక్కన పడుకొనును. నీవు నిశ్చింతగా పొమ్ము.”

ఆమె సమాధానము చెప్పలేదు. ఒక చేతితో కన్నులు తుడుచుకొనినది. వెనుక కూర్చున్న మనుమడు “తాతగారూ, పప్పులో మామిడికాయ వేస్తారా?” అని అడిగినాడు.

ఆశ్వయుజము గడచి కార్తికము వచ్చుసరికి అట్లాంటిక్ తుపానులు మొదలైనవి. ఉదయము ఎనిమిది గంటలకు గాని వెలుగు రాదు. ఉపాధ్యాయుల ఆసనము వంటింటి మూలన, కిటికీ ప్రక్కన అమరినది. జపము నడుమ కుక్కరు కూత వినవచ్చును. మనుమడు మేజోళ్లు వెదకుచు వచ్చును. ఫోను మ్రోగును. ఆయన లేచి, పని చూచి, ఆచమనము చేసి మరల కూర్చుందురు. లెక్క తప్పుచునే యున్నది. ఒకనాడు వేయి పూర్తియగును, ఒకనాడు నూటెనిమిది మాత్రమే. అయినను మంత్రము నిలుచుచున్నది. పూర్వము జపము కొరకు ఇల్లు ఆగెడిది. ఇప్పుడు ఇంటి కొరకు జపము ఆగి, మరల సాగుచున్నది. ఆగినపుడు విడిపోనిది ఏదో దానిలోనికి వచ్చి చేరినది.

సాధకులు తమ నెమ్మదిని పరీక్షించుకొనుటకు ఇది సులభోపాయము. మనస్సు నిశ్చలముగా నున్న వేళ, ఈ నిశ్చలత్వమునకు ఆవల ఎవరు నిలిచియున్నారని వెనుదిరిగి చూడవలెను. జీవించియున్నవారైనచో ఆ దినముననే ఒక మంచి మాట చెప్పవలెను, ఒక పని పంచుకొనవలెను. గతించినవారైనచో పేరు చెప్పి నీరు విడువవలెను. తరువాత ఎవరి ముందు ఏ అల లేచుచున్నదో చూచి, చేతనైనంత అడ్డముగా నిలువవలెను. ప్రభువు సముద్రతీరమున ఇచ్చిన అభయము, కోరిన శరణము రెండును ఒకే వ్రతములోని భాగములని అప్పుడు తెలియును. చాటున ఎదిగినవాడు ఒకనాటికి చాటు కావలెను.

శుభం భూయాత్.